వాల్వ్ సెట్ వేడెక్కేదాకా

గాంధీపురంలో బస్సు దిగి, గుడ్డల కొట్ల ముందు తడుస్తూ నడుస్తుంటే, మా జెబమలర్ ఒక్క మాట అడిగింది.

"అమ్మా, అప్పా వాల్వ్ సెట్టు ఇంకా అటక మీదనే ఉండాదా?"

ఆసుపత్రి నుంచి వస్తున్నాం. ఎడమ మణికట్టులో ఎముకను పట్టుకుని పెరిగిన గడ్డ మంచిది కాదనీ, మోచేతి కిందికల్లా చెయ్యి తీసేస్తేనే ప్రాణానికి భరోసా అనీ డాక్టరమ్మ ఆ పొద్దు చెప్పింది. తారీఖు కూడా వేసి ఇచ్చింది. కార్తిగె నెల. ఆ ఏడు వాన కోయంబత్తూరును పట్టుకుని వదలలేదు.

"ఉండాది. ఇప్పుడు దాంతో ఏం పని?"

"ఊరికే అడిగితి."

ఊరికే కాదని నాకు తెలుసు. వారం పొడుగునా సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుంటుంది. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తుంది. తీగలు మీటేది కుడి చెయ్యి. ఏ స్వరం పలకాలో చెప్పేది ఎడమ చెయ్యి. ఆ ఎడమ చేతినే చున్నీలో చుట్టుకుని, చంటిబిడ్డను మోసినట్టు మోసుకుంటూ నా పక్కన నడుస్తోంది.

ఇంట్లో దేవుళ్ళు ఇద్దరు. నాది చర్చి, మా ఆయన మునిది వాళ్ళ ఊరి గుడి. ఇద్దరికీ పాటలు పెట్టింది మాత్రం ఆ సెట్టే, పాతకాలపు ఆంప్లిఫయర్. మైక్‌సెట్ బాడుగకిచ్చే పని ఆయనది. పొల్లాచ్చి దగ్గర కొబ్బరి తోటల్లో ఒక నోంబి, అదే గుడి పండగ, ముగిశాక, వానలో హార్న్ స్పీకర్ దించడానికి చెట్టెక్కి, పక్కనే పోయే కరెంటు తీగ తగిలి ఆ చెట్టు మీదనే పోయాడు. సెట్ చేసిన పాపమేమీ లేదు. అయినా దాన్ని గోనెసంచిలో కట్టి అటక ఎక్కించాను. మళ్ళీ దించలేదు.

మరునాడు నా మరిది రాజేంద్రన్ వచ్చి దించాడు. అన్న పోయాక మైక్‌సెట్ పని వాడే చూసుకుంటున్నాడు. ఇప్పుడు వాడి దగ్గరున్నవన్నీ కొత్త సెట్లు, ఒంటి చేత్తో ఎత్తేంత తేలిక. ఇది అలా కాదు. ఇనప పెట్టె. లోపల బలిసిన ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, వాటి పక్కన గాజు సీసాల్లాంటి వాల్వులు. ముందువైపు ఎర్ర రంగుతో ఆయన పేరు.

"అబ్బా, నా నడుము పాయ వదినా! మా అన్న దీంట్లో రాళ్ళేమన్నా దాచిపెట్టి పోయినాడా?"

"దాచేదానికి మీ అన్న కాడ రాళ్ళైనా ఉండెనా?" అన్నాను.

జెబమలర్ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

పెట్టె మూత విప్పే ముందు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. మా ఆయనా అంతే చేసేవాడు. తెరిచిన సెట్‌లో ఒక చెయ్యే పెట్టాలి, రెండోది వీపు వెనక ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతికి పోతుందట. ఆయన ఆ పని చేస్తుంటే చూసేనాటికి ఈ పిల్లకు సరిగ్గా మాటలు కూడా రావు.

"ప్లగ్గు పీకినాం గదా పాపా, ఇంకేంటికి భయం?" అన్నాడు రాజేంద్రన్.

"పీకినా లోపల నిలబడి ఉంటాది చిత్తప్పా. కాచుకోనుంటాది." ప్లాస్టిక్ పిడి ఉన్న తీగతో ఎక్కడెక్కడో తాకించి, ఆ మిగిలిన కరెంటును దించేసింది. పాత తీగలు మార్చింది. రెండు కాళ్ళ ప్లగ్గు కోసేసి, ఎర్త్ ఉన్న మూడు కాళ్ళది వేసింది. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని గోడ దగ్గర నిలబెట్టింది.

"నీ పని ఇదేమ్మా. స్విచ్ కాడ నిలబడేది. నేను పో అనేదాకా పోకూడదు. పొగొచ్చినా, స్పీకర్ తీగ ఊడినా, నన్ను అడగొద్దు. ఆపెయ్యి."

"స్పీకర్ తీగ ఊడితే ఏమైతాది?"

"ఈ సెట్‌లో పుట్టే బలం బయటికి పోయేదానికి దోవ ఉండాల. అది స్పీకరే. దోవ లేకపోతే లోపల్నే తిరిగి, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తాది."

రాజేంద్రన్ చేతులూపాడు. "ఎవురు చెప్పింది? నోంబిలో పోలీసోడొస్తే మేము చేసేదేంది? హార్న్ తీగ పీకేస్తాం. సెట్టు దాని పాటికి అది వెలగతా ఉంటాది. వాడు పోయినంక మళ్ళీ తగిలిస్తాం. ఎన్నితూర్లు చేయలేదు!"

"అది మీ కొత్త సెట్టు. అది ఓర్చుకుంటాది. ఇది ఓర్చుకోదు."

"సరి తల్లీ, సరి" అని బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు.

నేను స్విచ్ వేశాను. వాల్వ్ సెట్‌కు తొందర పనికిరాదు. లోపలి తీగలు ఎర్రబడి, సీసాలు వేడెక్కేదాకా కాచుకోవాలి. మొదట ఏమీ లేదు. తర్వాత స్పీకర్ పెట్టెలోంచి సన్నగా ఒక జుమ్ము. ఆ జుమ్ము వింటే ఆయన పక్క గదిలో కూర్చుని ఉన్నట్టే ఉంది. దుమ్ము కాలిన వాసన కూడా అదే.

జెబమలర్ గిటార్ తగిలించి ఒక తీగ మీటింది. మీటు గట్టిగా లేదు, అయినా ఆ స్వరం ఇల్లంతా నిండి, చివరికి వచ్చేసరికి కొంచెం బొంగురుపోయి ఆగింది. చర్చిలోని పెట్టెలో ఈ గిటారే ఎన్నోసార్లు విన్నాను. ఇలా ఎప్పుడూ లేదు.

"అది విన్నావా? నేను వేలు జరిపేటప్పుడు కీచుమనె?"

"విన్నాను. అది తప్పు గదా?"

"తప్పే. రికార్డు చేసేవాళ్ళు దాన్ని తీసేసేదానికి చానా కష్టపడతారు. అది ఎడమ చేతి సత్తం అమ్మా." మణికట్టు వైపు చూసుకుంది. "నాకు అదుండాల. అప్పా సెట్‌లో ఈ చెయ్యి ఒక్కతూరి రికార్డుగా పడాల. తర్వాత వాళ్ళు తీసుకోనీ."

నేను స్విచ్ మీది నుంచి చెయ్యి తీయలేదు.

మా లైన్‌లో ఇళ్ళకు నడుమ ఒకే గోడ. ఆ సెట్ వాల్యూమ్‌ను సగానికి పైగా తిప్పితే తప్ప, దాని గొంతు బయటికి రాదు. అంత తిప్పితే వీధంతా వినబడుతుంది. అందుకని పిల్ల ఒక ఉపాయం చేసింది. స్పీకర్ పెట్టెను చెక్క బీరువాలో నా చీరల నడుమ పెట్టి, చుట్టూ దుప్పట్లు కుక్కి, ముందర చిన్న మైక్ నిలబెట్టింది. పొడుగు తీగతో సెట్‌ను మాత్రం బయట స్టూలు మీద ఉంచింది.

"దీనికి కూడా ఒక దుప్పటి కప్పేదా?" అని అడిగాను.

"వద్దు వద్దు. దానికి గాలాడాల. కప్పితే కాలిపోతాది."

రాజేంద్రన్ బీరువాలోకి తొంగిచూశాడు. "నేను హార్న్‌ను చెట్టుకు కట్టేది ఊరంతా వినాలని. నువ్వేమో చీరల్లో కట్టేది ఎవురూ వినకూడదని. మా అన్న చూసింటే నవ్వి నవ్వి సచ్చుండు."

మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నాడు.

మరుసటి తెల్లవారి పక్కింటి మాడసామి అన్న పోయాడు. నిద్రలోనే పోయాడు. ఆ బీరువా ఆనించిన గోడకు అవతలే ఆయన మంచం.

మా లైన్‌లో ఒక సావు పడితే పదహారో దినం ముగిసేదాకా ఎవరింట్లోనూ సత్తం, సడి ఉండదు. టీవీలు గొంతు తగ్గించుకుంటాయి. రోట్లో దంచరు. పిల్లల్ని గట్టిగా తిట్టరు. రాజేంద్రన్ హార్న్ పెట్టెలు కూడా మూతబడి ఉంటాయి. మా ఆయన పోయినప్పుడు ఈ లైన్ అంతా నా కోసం అలాగే నోరు మూసుకుంది. మాడసామి అన్న పెండ్లాం చెన్నమ్మాళ్ అక్క అయితే తలుపు గడియ పెట్టేటప్పుడు కూడా గుడ్డ అడ్డం పెట్టి పెట్టేది, నేను ఉలిక్కిపడతానని.

పదహారో దినం ఆసుపత్రి తారీఖు దాటాక వస్తుంది.

"చెన్నక్కను ఒక మాట అడిగి చూసేదా?" అన్నాను.

"ఎట్ల అడుగుతావమ్మా? మొగుడు పోయి ఏడుస్తా ఉంటే, మా ఇంట్లో పాట వాయించుకుంటామని అడిగేదా?"

"చెయ్యి సంగతి చెప్తే..."

"చెప్పొద్దు." గొంతు గట్టిపడింది. "లైన్‌లో ఎవురికీ చెప్పొద్దు. తీసేసినంక ఎట్లాగూ చూస్తారు గదా. అంతవరకు నన్ను మనిషి మాదిరి చూడనీ."

ఆ మాట మీదనే నిలబడ్డాం. రాజేంద్రన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

రెండు మూడు పొద్దులు గడిచాయి. దీపాల వేళ చెన్నక్క ఒప్పారి మొదలుపెట్టేది. ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉంటే, పోయిన మనిషిని పిలిచి, ఆయన తిన్నదీ తిట్టిందీ చెప్పుకుంటూ, రాగం తీసి ఏడ్చేది. గోడలోంచి ఆ ఏడుపు మా గదిలోకి వచ్చి కూర్చునేది.

ఒక సాయంకాలం జెబమలర్ నాకు సైగ చేసింది. స్విచ్ వేశాను. వాల్వులు వేడెక్కాయి. సెట్‌ను బాగా తగ్గించి, కంప్యూటర్‌లో రికార్డు బటన్ నొక్కింది. "ట్రయల్" అని గుసగుసగా చెప్పింది.

మొదట రెండు స్వరాలు ఊరికే వేసింది. అవతల చెన్నక్క గొంతు పైకి లేచింది. పిల్ల వేళ్ళు ఆగాయి. తర్వాత ఆ గొంతు వెంబడే పోయాయి. అక్క ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీసింది. అక్క ఊపిరి తీసుకునే చోట తనూ ఆగింది. నేర్చుకున్న పాట కాదు. కళ్ళు మూసుకుని, తల గోడవైపు వంచి, పెద్దావిడ వెనక చెంబు పట్టుకుని నడిచే పిల్లలాగా వాయించింది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది, నాకు కనిపిస్తోంది. అయినా నేను ఆపలేదు. బాగుంది. దేవుడి సాక్షిగా, బాగుంది.

తలుపు దబదబా మోగింది.

సెట్ ఆపి తలుపు తీశాను. కన్నన్. మాడసామి అన్న తమ్ముడు, సావుకని మేలూరు నుంచి వచ్చినవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏందక్కా ఇది? అన్నను మట్టిలో పెట్టొచ్చిన తడి ఇంకా ఆరలే. ఈడ సినిమా పాటా?"

"సినిమా పాట కాదు కన్నా..."

"ఏ పాటైతే ఏంది? పోదుం, చాలు, నిలపండి. పదహారు కానీయండి, తర్వాత మీరు ఆడండి, పాడండి, ఎవురొద్దనేది?"

అందులో తప్పేముంది? నేనైనా అదే అనేదాన్ని. జెబమలర్ వచ్చి, చున్నీ కింద చెయ్యి దాచుకుని, "మన్నించండి మామా" అంది. అతను వెళ్ళిపోయాడు.

"పడిందా?" అని అడిగాను.

"పడింది. సెట్టు తగ్గించి ఉంటి గదా, దానికన్నా పెద్దమ్మ ఏడుపే ఎక్కువ పడింది. పనికి రాదు." కంప్యూటర్ మూసేసింది.

ఆ సంగతి రాజేంద్రన్ చెవిన పడింది. అన్న కూతురంటే వాడికి ప్రాణం. వచ్చి, సెట్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"పాపా, పెండ్లిల్లలో వీడియోవాళ్ళకు సెట్టు వెనక నుంచి లైన్ ఇస్తామే, అట్ల దీంట్లోంచి కంప్యూటర్‌కు ఇద్దాం. స్పీకర్ తీగ పీకేద్దాం. నువ్వు ఎంతైనా తిప్పుకో, ఈగక్కూడా వినపడదు."

"పీకకూడదని చెప్తిని గదా చిత్తప్పా."

"కొంచేపుకు ఏం కాదు పాపా."

"వద్దు."

వాడు తల గోక్కుంటూ వెళ్ళాడు. మరునాడు మేము రక్తం పరీక్షలకు ఆసుపత్రికి పోయాం. తాళంచెవి ఎప్పటిలాగే వాడికిచ్చి పోయాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. రాజేంద్రన్ మా గడప మీద కూర్చుని ఉన్నాడు. బీడీ లేదు, సెల్‌ఫోన్ లేదు. చేతులు మోకాళ్ళ మీద ఊరికే పెట్టుకుని ఉన్నాడు. లోపలి నుంచి వాసన. మోటార్ చుట్టే కొట్ల ముందు నడిచేటప్పుడు వచ్చే, కాలిన వార్నిష్ వాసన.

"నువ్వొచ్చేసరికి అంతా సరిచేసి పెడదామని పాపా..." అన్నాడు. "లైన్ ఇస్తి. తీగ పీకేస్తి. ఎంతదాకా పోతాదో చూద్దామని సెల్లులో పాట పెట్టి ఫుల్లుగా తిప్పితి. మొదట బాగనే పడె. తర్వాత లోపల చిటచిటమనె. నేను ఆపేలోపల..."

జెబమలర్ గడప దాటలేదు. "ప్లగ్గు పీకినావా?"

"పీకితి."

"నీకేం తగల్లేదు గదా?"

"లేదు."

"ఇప్పుడే తాకొద్దు. లోపల ఇంకా ఉంటాది."

చెప్పులు విడిచి లోపలికి పోయింది. స్టూలు ముందు కాసేపు నిలబడింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి అరచెయ్యి ఆ ఇనప పెట్టె మీద ఆనించింది. ఇంకా వెచ్చగా ఉందేమో.

"అన్నం పెట్టమ్మా. ఆకలైతాంది" అంది.

రాజేంద్రన్ ఆ రాత్రికే ట్రాన్స్‌ఫార్మర్ విప్పి తీసుకుపోయాడు. ఈ ఊళ్ళో తీగ చుట్టేవాళ్ళకు కరువు లేదు. కానీ అంత సన్నటి తీగ, అన్ని పొరలు, ఇప్పుడు ఎవరూ చుట్టరట. ఒక ముసలాయన ఒప్పుకున్నాడు, నిదానంగానే ఇస్తానన్నాడు. తొందర పెట్టడానికి రాజేంద్రన్ రోజూ పోయి ఆయన ముందు కూర్చునేవాడు. చర్చి నుంచి వేరే పెట్టె అడిగి తెస్తానన్నాడు. పిల్ల వద్దంది.

"దాంట్లో ఎవురు వాయించినా ఒకటే చిత్తప్పా."

ఆ తర్వాత ఏది తెచ్చినా లాభం లేకపోయేది. మణికట్టు వాచి, వేళ్ళు మూసుకోవడం మానేశాయి. ఆసుపత్రికి పోయే ముందు సాయంకాలం గిటార్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మీటలేదు. తీగలు ఒక్కొక్కటే వదులు చేసి, సంచిలో పెట్టేసింది.

ఆసుపత్రిలో కాగితం మీద పెద్దవాళ్ళ ఒప్పుదల కావాలన్నారు. నర్సు నన్ను ఒకసారి చూసి, వేలిముద్ర వేయమని ఇంకు డబ్బా జరిపింది. నేను పెన్ను అడిగాను. నా పేరు రాయడం నేను తల నెరిశాక నేర్చుకున్నాను, చర్చిలో, సాయంకాలాల్లో, ఈ పిల్లే పక్కన కూర్చుని నా చెయ్యి పట్టి దిద్దించింది. రక్కమ్మాళ్ అని రాశాను. అక్షరాలు వంకర పోలేదు.

ఇంటికి వచ్చేసరికి పక్కింట్లో పదహారో దినం అయిపోయింది. లైన్‌లో టీవీలు మళ్ళీ మాట్లాడుతున్నాయి. చూసినవాళ్ళంతా చూశారు. కొందరు వచ్చి ఏడ్చారు. కొందరు గుమ్మం దగ్గరే నిలబడి, పిల్ల ముఖం తప్ప ఇంకెక్కడా చూడకూడదని కష్టపడ్డారు.

రాజేంద్రన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి గడప మీద పెట్టి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"లోపలికి రా చిత్తప్పా. నువ్వు పట్టుకోకుంటే ఎట్ల బిగించేది?"

వాడు పట్టుకున్నాడు. పిల్ల ఒంటి చేత్తో బిగించింది. తెరిచిన సెట్‌లోకి వేళ్ళు పోతుంటే నేను "జాగర్త తల్లీ" అన్నాను.

"ఇంకేం భయమమ్మా? వెనక పెట్టుకోవాల్సిన చెయ్యి నాకు లేదు గదా."

రాజేంద్రన్ స్క్రూడ్రైవర్ కింద పడేసి బయటికి పోయాడు. చాలాసేపు రాలేదు.

ఆ సాయంకాలమే చెన్నక్క వచ్చింది. పదహారు ముగిశాక ఆమె గడప దాటిన మొదటి పొద్దు. నుదురు బోడిగా ఉంది. నాకు అలవాటైన ముఖమే, అద్దంలో చూసే ముఖం. వచ్చి జెబమలర్ పక్కన నేల మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అంతవరకు వేరెవరూ దాన్ని తాకలేదు.

"నాతో ఒక మాట చెప్పకుంటివే పాపా."

"ఎట్ల చెప్పేది పెద్దమ్మా?"

"ఒక పొద్దు నేను ఏడుస్తా ఉంటే గోడ అవతల ఏందో నాతోపాటు ఏడ్చె. ఈళ్ళంతా ఊరికే 'ఏడవొద్దు, ఏడవొద్దు' అంటా ఉండ్రి. అదొకటే నాతో వచ్చె. సగంలో నిలిచిపాయ. ఏందని అడిగితే, పాట పెట్టినారు, నిలిపేస్తిని అనె మా కన్నన్." ముక్కు చీదుకుంది. "అది నువ్వేనా?"

జెబమలర్ లేచి కంప్యూటర్ తెరిచింది. పనికి రాదన్న ఆ ట్రయల్‌ను తీసేయలేదు. దాని తీగను సెట్‌కు తగిలించింది. "అమ్మా" అంది. నేను పోయి, స్పీకర్ తీగ గట్టిగా ఉందో లేదో లాగి చూసి, స్విచ్ వేసి అక్కడే నిలబడ్డాను.

వేడెక్కేదాకా ముగ్గురం కాచుకున్నాం. జుమ్ము వచ్చింది.

చెన్నక్క ఏడుపు ముందు వచ్చింది, గోడ అవతలి నుంచి వచ్చినట్టు దూరంగా. దాని కింద గిటార్. సన్నగా, అక్క ఆగే చోట ఆగుతూ. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయే చోటల్లా చిన్న కీచు. మళ్ళీ కీచు. జెబమలర్ ఆ కీచులనే వింటోందని నాకు తెలుసు. కుడి చేతి వేళ్ళు ఒళ్ళో వాటంతట అవే మడుచుకుంటున్నాయి.

చెన్నక్క తన ఏడుపు తాను విన్నది. "నా గొంతు ఇంత బొంగురుపోయిందా" అంది, ఎవరితోనో అన్నట్టు.

సెట్‌లోంచి తలుపు దబదబా మోగింది. చెన్నక్క ఉలిక్కిపడి మా గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. వాన పడుతోంది.

కాసేపటికి పైట చెంగుతో ముఖం తుడుచుకుని, ఆ కట్టు మీద చెయ్యి పెట్టింది.

"ఇంకోతూరి వెయ్యి పాపా. తలుపు కొట్టేదానికి ముందు వరకు."